తిండికీ పెద్దప్రేగు క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం: ఇంట్లోవారు తెలుసుకోవలసిన విషయాలు

ఇంట్లో ఒకరికి పెద్దప్రేగు క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచి మిగతావారి మనసులో రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి. మేము పెట్టిన తిండి వల్లనే ఈ జబ్బు వచ్చిందా? రేపు మాకు, మా పిల్లలకు కూడా వస్తుందా? డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడి చాలామంది వీటిని మనసులోనే దాచుకుంటారు. ఆ రెండు ప్రశ్నలకూ వీలైనంత సూటిగా జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా మొదటి ప్రశ్న. ఏ ఒక్క మనిషి విషయంలోనూ "ఫలానా తిండి వల్లనే జబ్బు వచ్చింది" అని ఎవరూ చెప్పలేరు. వయసు, వంశం, శరీర బరువు, మద్యం, పొగాకు, తిండి, శ్రమ లేకపోవడం ఇవన్నీ కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. జాగ్రత్తగా తిన్నవారికీ ఈ జబ్బు రావచ్చు. కనుక ఇంట్లో వంట చేసిన తల్లినిగాని, భార్యనుగాని, కోడలినిగాని నిందించడం తప్పు. వారు తమను తామే నిందించుకోవడం కూడా తగదు.

రెండవ ప్రశ్నకు జవాబులో మాత్రం మీ చేతిలో ఉన్నది చాలా ఉంది.

ముఖ్య గమనిక: ఈ వ్యాసంలో తిండి గురించి చెప్పిన సలహాలు ఇంట్లోని ఆరోగ్యవంతుల కోసం. చికిత్సలో ఉన్నవారి ఆహారం గురించి వేరుగా చెప్పాము. ఆ భాగాన్ని తప్పకుండా చదవండి.

ఈ జబ్బు ఎలా మొదలవుతుంది?

మనం తిన్న ఆహారం చిన్నప్రేగులో జీర్ణమయ్యాక మిగిలినది పెద్దప్రేగులోకి వస్తుంది. అక్కడ నీరు ఇంకిపోయి మలం తయారవుతుంది. పెద్దప్రేగు లోపలి పొరపై కొందరిలో పులిపిరుల వంటి చిన్న కండలు పెరుగుతాయి. వీటిని పాలిప్స్ అంటారు. చాలా పాలిప్స్ వల్ల ఏ ప్రమాదమూ ఉండదు. కొన్ని మాత్రం నెమ్మదిగా పెరిగి క్యాన్సర్‌గా మారుతాయి. ఇందుకు సాధారణంగా 10 సంవత్సరాల వరకు పడుతుంది.

ఈ ఆలస్యమే మనకు దొరికిన అవకాశం. ఆ పదేళ్లలో ఎప్పుడైనా పాలిప్‌ను కనుగొని తీసివేస్తే అది క్యాన్సర్‌గా మారే ప్రశ్నే ఉండదు. అలాగే రోజూ తినే తిండి ఆ పదేళ్లూ ప్రేగు పొరను తాకుతూనే ఉంటుంది. ఒక పండుగనాడు తిన్నది కాదు, రోజువారీ అలవాటే లెక్కలోకి వస్తుంది.

ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది. సుమారు 9 లక్షల మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఇది తక్కువే. అయితే తిండి, జీవన విధానం మారినచోట ఈ తేడా చెరిగిపోతుందని అనుభవం చెబుతోంది.

తిండికి సంబంధం ఉందని ఎలా తెలిసింది?

ఐర్లండ్‌లో పుట్టిన డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశారు. బ్రిటన్‌లో తరచుగా కనిపించే పెద్దప్రేగు క్యాన్సర్ అక్కడి పల్లె ప్రజలలో చాలా అరుదని ఆయన గమనించారు. వారి తిండిలో పీచు ఎక్కువగా ఉండటమే ఇందుకు కారణం కావచ్చని 1971లో రాశారు. జపాన్ నుంచి హవాయి దీవులకు వలస వెళ్లినవారిలోనూ ఇలాంటి సంగతే బయటపడింది. జపాన్‌లో ఉన్నప్పుడు తక్కువగా ఉన్న ఈ జబ్బు, వలస వెళ్లిన కుటుంబాలలో ఒకటి రెండు తరాలకే బాగా పెరిగింది. రక్తం మారలేదు, తిండీ బతుకుతీరూ మారాయి.

2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో అమెరికాకు చెందిన 20 మంది నల్లజాతివారి తిండినీ, దక్షిణాఫ్రికా పల్లెలకు చెందిన 20 మంది తిండినీ రెండు వారాల పాటు తారుమారు చేశారు. అమెరికావారికి కొవ్వు తగ్గించి, పీచును రోజుకు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెంచారు. ఆఫ్రికావారికి మాంసం, కొవ్వు పెంచి, పీచును 66 గ్రాముల నుంచి 12 గ్రాములకు తగ్గించారు. రెండు వారాలకే అమెరికావారి ప్రేగు పొరలో వాపు గుర్తులు తగ్గాయి. ఆఫ్రికావారిలో చెడు మార్పులు కనిపించాయి. రెండు వారాల్లో క్యాన్సర్ రాదు, పోదు. కాని ప్రేగు ఎంత త్వరగా తిండికి స్పందిస్తుందో దీనివల్ల తెలిసింది.

పీచు ఏం చేస్తుంది?

పీచు మనకు జీర్ణం కాదు. అందుకే అది పెద్దప్రేగు వరకు చేరుతుంది. అక్కడ రెండు పనులు చేస్తుంది. మలాన్ని మెత్తబరచి, పరిమాణం పెంచి త్వరగా బయటకు పంపుతుంది. దానివల్ల హాని చేసే పదార్థాలు ప్రేగు పొరను ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉండవు. ఇక రెండవది, ప్రేగులోని మేలు చేసే సూక్ష్మజీవులకు పీచే ఆహారం. అవి పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. ప్రేగు పొర కణాలకు అది బలం. రోజుకు 10 గ్రాముల పీచు అదనంగా తినేవారిలో ఈ క్యాన్సర్ ముప్పు సుమారు 10 శాతం తక్కువగా ఉందని అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2011లో తేల్చింది.

పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఆహారం ద్వారానే అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పుడు మన కంచం చూడండి. గుట్టగా తెల్లన్నం, పక్కన రెండు చెంచాల కూర, కాస్త పచ్చడి, చివర మజ్జిగ. చాలా ఇళ్లలో పూటపూటా ఇదే భోజనం. కడుపు నిండుతుంది, పీచు మాత్రం అందదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నలలో సుమారు 10 గ్రాములు, రాగులలో, సజ్జలలో సుమారు 11 గ్రాములు, కందిపప్పులో సుమారు 9 గ్రాములు ఉంటుంది. 100 గ్రాముల జామకాయలో 8 గ్రాములకు పైగా ఉంటుంది. మన తాతలు తిన్న జొన్నరొట్టె, రాగి సంకటి పేదవాడి తిండి అని మనం పక్కన పెట్టాం. ప్రేగుకు మాత్రం అదే మేలైన తిండి.

కనుక ఇలా చేయండి:

రోజుకు ఒక పూటైనా జొన్నరొట్టె, రాగి సంకటి, సజ్జరొట్టె, కొర్రన్నం లేదా దంపుడు బియ్యంతో అన్నం పెట్టండి. గోధుమపిండిని జల్లించి పొట్టు పారేయకండి.

కంచంలో అన్నం తగ్గించి కూర పెంచండి. తోటకూర, గోంగూర, బచ్చలి, మునగాకు, గోరుచిక్కుడు, చిక్కుడు, బెండ, బీర ఏది చవకగా దొరికితే అది వండండి. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు, వీటికి తోడు 100 గ్రాముల పండ్లు తినాలని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సలహా ఇచ్చింది. బీరపొట్టు పచ్చడి వంటివి మానకండి. పొట్టులోనే పీచు ఉంది.

పప్పు నీళ్లగా కాకుండా చిక్కగా వండండి. సాయంత్రం మిక్చరు, బజ్జీల బదులు శనగలు, పెసలు, బొబ్బర్లు, ఉలవల గుగ్గిళ్లు పెట్టండి. పెసరట్టుకు పొట్టు తీయని పెసలే వాడండి.

పండును రసం తీయకుండా పండుగానే తినండి. జామ, బొప్పాయి, అరటి, సపోటా ఏదైనా సరే. దూరదేశపు ఖరీదైన పండ్లు అవసరం లేదు.

వంద గ్రాముల జొన్నపిండి రొట్టెలు, యాభై గ్రాముల కందిపప్పు, ఒక జామకాయ, రెండు పూటలా కూర తింటే ఆ రోజు పీచు 25 గ్రాములు దాటినట్టే. అయితే ఒక్కరోజులో అంతా మార్చవద్దు. కడుపు ఉబ్బరం, గ్యాస్ వస్తాయి. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. నీళ్లు బాగా తాగండి. షుగర్, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పండ్లు, ఆకుకూరలు ఎంత తినాలో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మాంసం మానేయాలా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో 10 దేశాలకు చెందిన 22 మంది నిపుణులతో ఈ విషయాన్ని పరిశీలింపజేసింది. నిలవ ఉంచడానికి ఉప్పు, రసాయనాలు పట్టించిన మాంసం, పొగబెట్టిన మాంసం, అంటే సాసేజ్, సలామీ, బేకన్, హామ్ వంటివి పెద్దప్రేగు క్యాన్సర్‌కు కారణమని వారు తేల్చారు. మేక, గొర్రె, ఎద్దు, పంది మాంసాలను "బహుశా కారణం కావచ్చు" అనే వర్గంలో ఉంచారు. కోడి, చేప ఈ జాబితాలో లేవు.

రోజూ 50 గ్రాముల నిలవ మాంసం తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని వారు లెక్కగట్టారు. ఈ అంకె విని భయపడకండి. 100 మందికి 18 మందికి జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. జీవితకాలంలో 100 మందిలో 5గురికి ఈ జబ్బు వచ్చే దేశంలో, రోజూ అలా తినేవారిలో అది సుమారు 6గురికి వస్తుందని అర్థం.

పచ్చి మాంసం తెచ్చి ఇంట్లో వండుకునేవారికి ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2018లో చెప్పిన హద్దు ఇది: వండిన మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు మించకూడదు. ఆదివారంనాడు, పండుగకో పెళ్లికో మాత్రమే వేటమాంసం తినే ఇళ్లు చాలావరకు ఈ హద్దులోనే ఉంటాయి. అలాంటివారు మానేయనక్కరలేదు. రోజూ తినేవారు తగ్గించి, కొన్ని రోజులు చేప, కోడి, గుడ్డు, పప్పు వండుకోవాలి. మాంసాన్ని నిప్పుల మీద మాడ్చడం కన్నా పులుసుగా, కూరగా వండటం మంచిది. పిల్లలకు అలవాటవుతున్న సాసేజ్‌లు, సలామీ, హామ్ పెట్టిన బర్గర్లు, పిజ్జాలు మాత్రం ఎంత తక్కువైతే అంత మేలు.

శాకాహారులు కూడా ఒక సంగతి గమనించాలి. మాంసం తినకపోయినా తెల్లన్నం, బంగాళదుంప వేపుడు, మైదా, స్వీట్లతో బతికేవారికి పీచు రక్షణ ఉండదు.

మద్యం, పొగాకు, పొట్ట

మద్యం ఈ క్యాన్సర్‌కు నిరూపితమైన కారణం. విస్కీ, బ్రాందీ, బీరు, కల్లు ఏదైనా అందులోని ఆల్కహాలు ఒక్కటే. తాగే మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. పొగ తాగడం కూడా ముప్పును పెంచుతుంది. ఇంట్లో మాంసం మానేసి మందు మానని వ్యక్తి చిన్న చిల్లు పూడ్చి పెద్ద చిల్లు వదిలేసినట్టే.

పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు కూడా కారణమే. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. ఇందుకు రోజూ కనీసం అరగంట చురుకుగా నడవాలి. రోజంతా కూర్చుని పనిచేసేవారికి ఇది మరీ అవసరం.

వ్యాయామం గురించి 2025లో ఒక మంచి వార్త వచ్చింది. పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ పూర్తయిన 889 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టువారికి శిక్షకుల సాయంతో మూడేళ్ల పాటు వ్యాయామం చేయించారు. రెండవ జట్టువారికి ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చారు. 5 సంవత్సరాల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి జట్టులో 100కి 80 మంది, రెండవ జట్టులో 74 మంది. పుస్తకం చదివితే చాలదు, నడవాలి అని దీని అర్థం. ఇది ఈ పుస్తకానికి కూడా వర్తిస్తుంది. చికిత్స ముగిసిన మీ రోగి ఎప్పుడు, ఎంత నడవవచ్చో డాక్టరును అడగండి.

పాలు, పెరుగు, మజ్జిగ

పాలలోని కాల్షియం ప్రేగులో హాని చేసే పదార్థాలను పట్టి బయటకు పంపుతుందని భావిస్తున్నారు. బ్రిటన్‌లో 5 లక్షల 40 వేలకు పైగా మహిళలను గమనించి 2025లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా తీసుకునేవారిలో ఈ ముప్పు 17 శాతం తక్కువగా కనిపించింది. అది ఒక పెద్ద గ్లాసు పాలతో అందుతుంది. మన భోజనం చివర పెరుగు, మజ్జిగ ఎలాగూ ఉన్నాయి. వాటిని మానకండి. రాగుల్లోనూ కాల్షియం బాగా ఉంది.

చికిత్సలో ఉన్నవారికి ఏం పెట్టాలి?

ఇక్కడ చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. పీచు మంచిదని విని, ఆపరేషన్ అయిన వెంటనే జొన్నరొట్టె, ఆకుకూర పెట్టకూడదు. కణితి వల్ల ప్రేగు ఇరుకైనవారికి, ఆపరేషన్ అయిన కొత్తలో, కీమోథెరపీతో విరేచనాలు అవుతున్నప్పుడు పీచు తక్కువగా, మెత్తగా ఉండే తిండే మంచిది. ఎప్పుడు ఏది మొదలుపెట్టాలో డాక్టరు, డైటీషియన్ చెబుతారు.

రెండవ పొరపాటు పథ్యం పేరుతో కడుపు మాడ్చడం. పప్పు చీము పట్టిస్తుందని, గుడ్డు వేడి అని, పెరుగు జలుబు అని ఒక్కొక్కటే తీసేస్తే చివరికి మిగిలేది గంజి, చారు. గాయం మానడానికి, కీమో తట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు వద్దనకపోతే గుడ్డు, చేప, పప్పు, పెరుగు ధైర్యంగా పెట్టండి. ఒకేసారి తినలేకపోతే కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టండి.

మూడవది, తిండితో క్యాన్సర్ నయమవుతుందనే మాటలు. లక్ష్మణఫలం ఆకుల కషాయం, గోధుమగడ్డి రసం, రకరకాల పొడులు క్యాన్సర్‌ను కరిగిస్తాయని బంధువులు ప్రేమతోనే చెబుతారు. ఇవి క్యాన్సర్‌ను నయం చేస్తాయని రుజువు లేదు. కొన్ని మందులతో కలిస్తే హాని కూడా చేయవచ్చు. వాటికి పెట్టే డబ్బు గుడ్లకు, పాలకు, తర్వాతి పరీక్షలకు ఉంచండి. ఏదైనా ఇస్తూ ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.

తిండి ఒక్కటే కాపాడదు

మంచి తిండి ముప్పును తగ్గిస్తుంది, తుడిచివేయదు. అందుకే ఈ లక్షణాలు తెలిసి ఉండాలి:

మలంలో రక్తం పడటం, లేదా మలం తారులా నల్లగా రావడం. బీట్‌రూట్ తింటే ఎర్రగా, ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా కనిపించవచ్చు. అలాంటి కారణం లేకపోతే వెంటనే చూపించుకోవాలి.

మూడు వారాలకు మించి విరేచనాలు గాని, మలబద్ధకం గాని, లేక ఒకదాని తర్వాత ఒకటి గాని ఉండటం.

విసర్జన అయినా ఇంకా మిగిలి ఉందనిపించడం.

కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం, రక్తహీనత, తగ్గని కడుపునొప్పి.

రక్తం పడితే మనవాళ్లు "వేడి చేసింది" అని మజ్జిగ తాగుతారు. లేదా "మొలలు" అని తామే నిర్ణయించుకుని గోడల మీద ప్రకటనలు చూసి మందు తెచ్చుకుంటారు. చాలాసార్లు అది మొలలే కావచ్చు. కాని మొలలో, క్యాన్సరో పరీక్ష చేయకుండా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. మొలలు ఉన్నవారికి క్యాన్సర్ కూడా ఉండవచ్చు. డాక్టరు గ్లవుజు వేసుకుని వేలితో చేసే పరీక్ష రెండు నిమిషాల పని. మలద్వారానికి దగ్గరగా ఉన్న చాలా గడ్డలు దానితోనే తెలుస్తాయి. అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు.

ఆడవారి గురించి ఒక మాట. ఇంట్లో అందరూ తిన్నాక తిని, తమ బాధను అందరికన్నా చివర చెప్పేది వారే. నీరసంగా ఉంటే రక్తం తక్కువని ఐరన్ మాత్రలతో సరిపెట్టుకుంటారు. సిగ్గుతో మలంలో రక్తం సంగతి కూతురికి కూడా చెప్పరు. మీ అమ్మగారిని, అత్తగారిని మీరే అడగండి. నెలసరి ఆగిపోయిన స్త్రీకి గాని, ఏ వయసు మగవారికి గాని రక్తహీనత ఉంటే రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి.

తొలిదశలో పట్టుకుంటే ఈ జబ్బు చాలావరకు నయమవుతుంది. ప్రేగు దాటకముందే కనుగొన్నవారిలో 10 మందికి 9 మంది 5 సంవత్సరాల తర్వాత కూడా జీవించి ఉంటున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి.

మీ ఇంట్లో ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

రోగి తోబుట్టువులకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఈ ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. వారు ఏ లక్షణమూ లేకపోయినా 40వ ఏట నుంచి, లేదా రోగికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు నుంచి, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఉదాహరణకు మీ అన్నగారికి 44వ ఏట జబ్బు బయటపడితే మీకు 34వ ఏటనే పరీక్ష అవసరం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, 50 ఏళ్లలోపు వచ్చినా, గర్భసంచి క్యాన్సర్ కూడా వంశంలో ఉన్నా ఆ సంగతి తప్పక చెప్పండి. అది వంశపారంపర్యంగా వచ్చే రకం కావచ్చు. కొలనోస్కోపీలో పాలిప్ కనబడితే చాలావరకు అప్పుడే తీసివేస్తారు. కోత ఉండదు.

డిశ్చార్జి అయ్యేలోపు ఒక కాగితం మీద రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల పేర్లు, వయసులు రాసి డాక్టరుగారికి చూపించండి. ఎవరెప్పుడు పరీక్షకు రావాలో పక్కన రాయించుకోండి. దూరాన ఉన్నవారికి ఫోనులో చెప్పండి. ఇంటికి వెళ్లాక సరుకుల చీటీలో జొన్నలు, పెసలు చేర్చండి.